కరోనా ఖాతాలో ఎంత, బావగారి ఖాతాలో ఎంత?

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె భర్త, ఆయన అన్న కలిసి లీజు గుంటల్లో వనామి రొయ్యలు పెంచేవారు. గుంట పని తమ్ముడిది, డబ్బూ బేరాలూ అన్నవి. 2020 జనవరిలో సీడ్ (రొయ్య పిల్లలు) వేశారు. పెట్టుబడి చాలకపోతే ఆమె తండ్రి రిటైర్మెంట్ డబ్బులోంచి ఆరు లక్షలు తీసి, బావగారి చేత ప్రాంసరీ నోటు రాయించుకుని ఇచ్చారు. ఆమె గొలుసు, గాజులు కూడా బావగారే ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో కుదువ పెట్టారు. మార్చి చివర లాక్‌డౌన్ పెట్టిన వారంలో, తమ్ముడు జ్వరంతో పడుకుని ఉన్న రాత్రి, బావగారు ఎవరితోనూ మాట చెప్పకుండా గుంటల్లో రొయ్యలన్నీ పట్టించి అమ్మేశారు. రొయ్య అప్పటికి వంద కౌంటులోనే ఉంది, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజు. కిలో నూట నలభైకి పోయింది. నెలన్నర ఆగి పట్టిన పక్క గుంటల వాళ్లు మంచి రేటు చూశారు.

2021లో భర్త ఒక్కడే ఇంకో పంట వేసి మళ్లీ నష్టపోయాడు. ఆ మధ్యలోనే నగలు వేలానికి వెళ్లిపోయాయి. నోటీసు బావగారికి వచ్చింది, ఈమెకు తెలిసేసరికి నెలలు గడిచాయి. తండ్రి బాకీలో ఇప్పటికి అందింది యాభై వేలు. 2022లో బావగారు ఇంటి మీద మేడ వేశారు. ఇప్పుడు ఆయన కూతురి పెళ్లి కుదిరింది. శుభలేఖ తెచ్చి, "కరోనా ముంచింది గానీ నేను ముంచానా? జరిగింది వదిలేసి ఈసారి మళ్లీ కలిసి వేద్దాం" అన్నారట. తమ్ముడు గదిలోంచి బయటికే రాలేదు.

"మా ఆయన అంతా అన్నే చేశాడంటారు. బావగారు అంతా కరోనానే చేసిందంటారు. మా నాన్న ఏమీ అనరు, ఫోన్‌లో మాత్రం ప్రతిసారీ 'మీ బావ ఏమన్నా చెప్పాడా' అని అడుగుతారు. తప్పు ఎవరిది? డబ్బు అడగడం న్యాయమేనా? పెళ్లికి వెళ్లాలా? మళ్లీ కలిసి వేయొచ్చా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఒకే నష్టానికి రెండు వేర్వేరు పేర్లు పెట్టుకుని ఆరేళ్లుగా కూర్చున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నిజంగా కరోనా ఖాతాలో పడాల్సింది ఎంత, బావగారి ఖాతాలో పడాల్సింది ఎంత అని ముందు విడగొట్టుకుంటే తప్ప మీరడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకదు. కాబట్టి ఆ రాత్రి పట్టుబడి దగ్గర నుంచే మొదలుపెడతాను.

మీవాళ్లు సీడ్ వేసిన ఆ జనవరిలోనే, 23వ తేదీన, చైనాలో వూహాన్ నగరాన్ని మూసేశారు. రెండు రోజులకు వాళ్ల కొత్త సంవత్సరం. హోటళ్లు కిటకిటలాడాల్సిన పండగ రోజుల్లో తలుపులు పడ్డాయి. మన రొయ్యలకు అమెరికా మొదటి గిరాకీ, చైనా రెండోది. రెండో గిరాకీ అప్పుడే ఆగిపోయింది. మార్చికల్లా అమెరికాలో కూడా రెస్టారెంట్లు మూతపడ్డాయి. ఇక్కడ మన రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది నెల్లూరులోనే, మార్చి రెండో వారంలో. 24వ తేదీ రాత్రి ప్రధాని ప్రకటన, అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. మర్నాటి నుంచి ప్రాసెసింగ్ ప్లాంట్లకు ఆడవాళ్లు పనికి రాలేకపోయారు. ఐస్ దొరకడం కష్టమైంది, మేత లారీలు చెక్‌పోస్టుల దగ్గర ఆగిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులతో మాట్లాడి కౌంటు వారీగా కనీస రేట్లు ప్రకటించింది గానీ, గుంట గట్టు మీదికి వచ్చి ఆ రేటుకు కొనేవాడు కనపడాలి కదా. చేపలు, రొయ్యల సాగుకు లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఇస్తూ కేంద్రం స్పష్టంగా ఆదేశం ఇచ్చింది ఏప్రిల్ 10న. అంటే మీ బావగారు పట్టించిన రాత్రికి ఆ ఆదేశం ఇంకా రాలేదు.

రొయ్యను గోదాములో దాచలేం. మేత వేయాలి, నీళ్లలోకి గాలి అందించే ఏరేటర్లు తిరగాలి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలితే కొద్ది రోజుల్లోనే గుంట ఖాళీ. ఆ వారంలో మీ చుట్టుపక్కల ఎంతమంది భయపడి పట్టించారో మీకే తెలుసు. ఒక్క రొయ్యే కాదు, పక్కన ప్రకాశం జిల్లాలో పొగాకు వేలం ఆగిపోయింది, చీమకుర్తి గ్రానైట్ చైనాకు వెళ్లే దారిలో చిక్కుకుంది. నెలన్నర ఆగినవాళ్లకు రేటు వచ్చిన మాట నిజమే. అమెరికాలో జనం ఇళ్లలో వండుకోవడం మొదలుపెట్టి సూపర్ మార్కెట్లలో ఫ్రోజెన్ రొయ్యలు కొన్నారు, ఆ గిరాకీ ఇక్కడి రేటును మళ్లీ లేపింది. మార్చి నెలాఖరున గట్టు మీద నిలబడిన మనిషికి అది తెలిసే దారి ఏది? అమెరికాలో పెద్ద పెద్ద కొనుగోలుదారులకే తెలియదు. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఆ రోజు తెలిసినదాన్ని బట్టి చూడాలి, తర్వాత వచ్చిన రేటును బట్టి చూస్తే అన్యాయం. అందుకని తొందరపడి పట్టించడం వల్ల వచ్చిన నష్టాన్ని నేను బావగారి ఖాతాలో వేయను. మీ ఆయనకు ఈ మాట కష్టంగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

2021 పంట నష్టాన్ని కూడా మీ ఆయన అన్న మీదికే తోస్తున్నారని రాశారు. "ఆ డబ్బు చేతిలో ఉంటే మంచి సీడ్ వేసేవాణ్ని" అంటున్నారట. ఆ ఏడాది డబ్బున్నవాళ్లకూ మంచి సీడ్ అనుకున్నంత దొరకలేదమ్మా. సీడ్ తయారుచేసే మన హేచరీలు గుడ్లు పెట్టించే తల్లి రొయ్యలు అమెరికా నుంచి, ఎక్కువగా హవాయి, ఫ్లోరిడాల నుంచి, విమానంలో వస్తాయి. చెన్నై నీలాంగరైలో క్వారంటైన్ చేశాకే హేచరీకి చేరతాయి. 2020లో అంతర్జాతీయ విమానాలు ఆగినప్పుడు ఆ తల్లుల రాక దెబ్బతింది, దాని దెబ్బ చాలా నెలలు సీడ్ మీద కనపడింది. 2021లో రొయ్యల మేతలో కలిపే సోయా పిండి ధర ఎంత పెరిగిందంటే, జన్యుమార్పిడి సోయా పిండిని 12 లక్షల టన్నుల దాకా దిగుమతి చేసుకోవడానికి కేంద్రం ఆగస్టులో మొదటిసారి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మీ మేత బస్తా రేటు ఎందుకు పెరిగిందో అక్కడ ఉంది. కంటైనర్లు అమెరికా, యూరప్ రేవుల్లో ఇరుక్కుపోయి, ఓడ కిరాయిలు అంతకు ముందుకంటే ఎన్నో రెట్లయ్యాయి. ఆ ఏడాది మార్చిలోనే సూయజ్ కాలువలో ఒక పెద్ద ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసింది. ఓడ కిరాయి పెరిగితే ఎగుమతిదారు తన లాభంలోంచి ఇవ్వడు. గుంట దగ్గర రేటు తగ్గిస్తాడు.

చైనా సంగతి వేరే కథ. 2020 జూలైలో ఈక్వడార్ రొయ్యల కంటైనర్ మీద, ప్యాకింగ్ మీద వైరస్ ఆనవాళ్లు ఉన్నాయని మూడు కంపెనీల సరుకు ఆపేసింది. నవంబరు నుంచి మన కంపెనీల మీద కూడా అదే పద్ధతి. ప్యాకింగ్ వల్ల మనుషులకు ఈ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. అయినా ఒక్కొక్క ఎగుమతిదారునూ ఆపుతూ పోయారు. 2020 జూన్‌లోనే చైనా సరిహద్దులో, గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయారు. రెండు దేశాలూ ఒకరి సరుకును ఒకరు అనుమానంగా చూసుకునే రోజులవి. జబ్బు వచ్చినప్పుడు ప్రతి దేశమూ ముందు తన తలుపు వేసుకుంది. మనమూ మందుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాం, కొన్నాళ్లకు సడలించాం. 2021 జనవరిలో టీకాలు బయటి దేశాలకు పంపాం, రెండో వేవ్ రాగానే ఆపేశాం. దేశాలు తమ జనం కోసం తీసుకునే ఇలాంటి నిర్ణయాలకు బిల్లు కట్టేది మాత్రం చాలాసార్లు ఎక్కడో ఒక గుంట యజమాని. 2021 పంటలో మీ ఆయన కట్టిన బిల్లు అదే. అందులో అన్న చెయ్యి నాకు కనపడలేదు.

ఇంతవరకూ బావగారి పక్షాన మాట్లాడినట్టు అనిపించి ఉంటుంది. ఇప్పుడు మీ పక్షాన చెప్పాల్సినవి ఉన్నాయి, వాటిని ఆయన "కరోనా" అనే ఒక్క మాట కింద దాచడం నాకు బాధగా ఉంది.

తమ్ముడు జ్వరంతో ఉన్నాడు. ఆ వారంలో జ్వరం ఉన్న ఇంటి గుమ్మం దాకా రావడానికి అందరూ భయపడ్డారు, సరే. ఫోన్ చేయడానికి ఏ భయమూ అడ్డు లేదు. రెండు నెలలు రాత్రీ పగలూ గట్టు మీద తిరిగి పెంచిన మనిషికి, "పట్టించేస్తున్నాను రా" అని ఒక్క మాట చెప్పకపోవడాన్ని ఏ లాక్‌డౌనూ చేయించలేదు. మీ ఆయన లోపల మండుతున్నది రేటు పోయినందుకన్నా ఇందుకే అని నా నమ్మకం. రేటు గురించి వాదిస్తే అన్న గెలుస్తాడు. ఆ ఫోన్ గురించి అడిగితే అన్నకు జవాబు ఉండదు. ఇంతకాలం మీ ఆయన వాదించాల్సింది వదిలేసి ఓడిపోయే వాదన పట్టుకుని కూర్చున్నారు.

నగల విషయం ఇంకా స్పష్టం. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు అప్పుల కిస్తీలకు మూడు నెలల మారటోరియం (వాయిదా) ఇచ్చుకోవచ్చని బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ చెప్పింది, దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ మాత్రం ఆగలేదు. మీ నగలు రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలో ఉంటే ఆ వెసులుబాటు అడిగే దారి ఉండేది. విడి వడ్డీ వ్యాపారి దగ్గరైతే అదీ లేదు. ఏదైనా, నోటీసు వచ్చినప్పుడు మీకు చెప్పి ఉంటే మీ పుట్టింటివాళ్లో, అక్కచెల్లెళ్లో వడ్డీ అయినా కట్టి ఆపేవాళ్లేమో. ఆ అవకాశం మీకు లేకుండా చేసింది ఆయన మౌనం. ఇంకో సంగతి. వేలంలో అప్పు, వడ్డీ పోగా డబ్బు మిగిలితే దాన్ని కుదువ పెట్టినవాళ్లకు తిరిగి ఇవ్వాలి. కుదువ పెట్టింది ఆయన పేరున కాబట్టి, మిగిలింది ఏమైనా ఉంటే ఆయన చేతికే వచ్చి ఉండాలి. వేలం కాగితాలు చూపించమని అడగండి. ఇది గొడవ పెట్టుకోవడం కాదు, మీ వస్తువు లెక్క మీరు అడగడం.

మీ నాన్నగారి బాకీ గురించి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా లెక్కల ప్రకారం మన దేశం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 2019-20లో 668 కోట్ల డాలర్లు, కరోనా ఏడాది 2020-21లో 596 కోట్లకు పడిపోయింది, ఆ మరుసటి ఏడాదే 776 కోట్లకు ఎగిసింది. ఎగుమతి పెరిగినంత మాత్రాన రైతు జేబు నిండదు, మేతా కిరాయీ ఎలా తినేశాయో పైన చెప్పాను. ఆ తర్వాత ఈక్వడార్ 2022లో రొయ్యల ఎగుమతిని పది లక్షల టన్నులు దాటించి రేట్లు దించేసిన సంగతి కూడా మీకు తెలుసు. అయినా 2022లో మేడ కట్టగలిగిన మనిషి, అదే ఏడాది ఒక ముసలాయనకు లక్ష రూపాయలైనా ఇవ్వగలిగేవాడే. 2020లో "ఇవ్వలేను" అంటే కరోనా కారణం. 2022లో ఇవ్వకపోవడం ఆయన ఎంచుకున్నది. డబ్బు అడగడం న్యాయమేనా అని మీరు సంకోచిస్తూ అడిగారు. నూటికి నూరుపాళ్లు న్యాయం.

ఎలా అడగాలన్నదే చూసుకోవాలి. ప్రాంసరీ నోటు మీద కోర్టుకు వెళ్లడానికి మామూలుగా మూడేళ్ల గడువు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ నోటు 2020 జనవరిది కాబట్టి, నా లెక్కకు అది 2024 చివర దాకా బతికింది. ఆ లోపల ఇచ్చిన యాభై వేలకు బావగారు నోటు వెనక చెల్లు వేసి (ఇంత కట్టానని రాసి) సంతకం పెట్టి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. చెల్లు వేయకపోతే కోర్టు దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంకొక దారి ఉంది. గడువు తీరిన బాకీకైనా, ఇస్తానని ఆయన కొత్తగా రాసి సంతకం పెడితే అది చట్టం ముందు నిలుస్తుంది. ఈ తేదీలు కోవూరులోనో నెల్లూరులోనో ఒక వకీలుకు నోటు చూపించి సరిచూసుకోండి.

గడువు మిగిలి ఉంటే లాయరు నోటీసు ఇవ్వొచ్చు. డబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ పెళ్లి పెట్టుకుని ఉన్న ఇంటికి నోటీసు వెళితే ఊరంతా మీ ఆయననే అంటుంది, మీ అత్తగారు ఉంటే ఆమె ముందు నలిగిపోతుంది. ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి, కొత్త నోటు రాయించి, పంటకు ఇంత చొప్పున కిస్తీలు పెట్టుకోవడం ఇంకో దారి. దీనికి ఓపిక కావాలి, పూర్తి మొత్తం చేతికి రావడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. మీ నాన్నగారి వయసు దృష్ట్యా వడ్డీ వదులుకుని అసలు త్వరగా తీసుకోవడం మేలనిపిస్తే, ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. మీరు గానీ మీ ఆయన గానీ ఆయన తరఫున వదిలేయడానికి వీల్లేదు. అసలు అడగకుండా ఊరుకోవడమూ ఒక దారే, చాలా ఇళ్లలో అదే జరుగుతుంది. అప్పుడు ప్రతి ఫోన్‌లోనూ మీ నాన్నగారు అడిగే ఆ ప్రశ్న అలాగే మిగులుతుంది, మీ కాపురంలో ఈ గొడవ కూడా.

పెళ్లికి వెళ్లాలా అన్నారు. ఆ పిల్ల మీ చేతుల మీద పెరిగిందని మీరే రాశారు. ఆ పిల్లకు ఈ లెక్కలతో సంబంధం లేదు. నాకైతే మీరు, పిల్లలు వెళ్లడం మంచిదనిపిస్తుంది. మీ ఆయన రాలేనంటే బలవంతపెట్టొద్దు, తలంబ్రాల వేళకు ఆయనే మనసు మార్చుకోవచ్చు, మార్చుకోకపోవచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. మన వైపు పెళ్లికి వెళ్లి భోజనం చేశారంటే రాజీ అయిపోయినట్టు, బాకీ మాట ఇక ఎత్తకూడనట్టు జనం అనుకుంటారు. అందుకని శుభలేఖ అందుకున్నందుకు మీరు వెళ్లి మీ తోడికోడలితో ముందే చెప్పండి: "అక్కా, పిల్ల పెళ్లికి మేం వస్తాం. పెళ్లయ్యాక బావగారితో లెక్క మాట్లాడే పని ఉంది, అది అలాగే ఉంది." ఇంతే చాలు. మెత్తగానే ఉంటుంది, మరిచిపోలేదని కూడా తెలుస్తుంది. నోటు గడువు దగ్గరపడి ఉంటే మాత్రం పెళ్లి కోసం ఆగొద్దు, చెల్లు వేయించుకోవడం ముందు చూసుకోండి.

మళ్లీ కలిసి వేయడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాత లెక్క తేలకుండా కొత్త సీడ్ వేయొద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ గుంటల దగ్గర రేటు ఎలా పడిందో చూశారు. ఈసారి వైరస్ అక్కర్లేకుండానే, ఒక దేశాధ్యక్షుడి సంతకంతోనే పడింది. అలాంటి రోజు మళ్లీ వస్తుంది. వచ్చిన రాత్రి అన్నదమ్ములిద్దరిలో ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఇద్దరూ ఒప్పుకుంటేనే పట్టుబడా, ఒకరు ఆగుదామంటే ఆ మేత ఖర్చు ఎవరిది? ఇవి కాగితం మీద రాసుకోగలిగితే కలిసి వేయొచ్చు. ఆ మాటలు కూర్చుని మాట్లాడుకోలేని స్థితిలో ఇద్దరూ ఉంటే విడివిడిగా, తక్కువ ఎకరాల్లో వేసుకోవడమే మంచిది. రాబడి తగ్గుతుంది, లీజు మోయడం బరువవుతుంది, కానీ ఒకరి నిర్ణయానికి ఇంకొకరు బలి కారు. ఏ పద్ధతిలో వేసినా మీ ఒంటి మీద నగ గానీ మీ నాన్నగారి డబ్బు గానీ ఆ గుంటలోకి వెళ్లకూడదు. ఇక్కడ మొహమాటపడొద్దు.

మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి. మొదటి సగం విని కోపం వస్తే రానివ్వండి, రెండో సగం కూడా వినమనండి. ముందుగా మాత్రం మీ నాన్నగారికి ఈ రోజే ఫోన్ చేసి, ఆ ప్రాంసరీ నోటు ఒరిజినల్ ఆయన దగ్గరే ఉందా, వెనక చెల్లు రాసి ఉందా, ఉంటే ఏ తేదీ అని కనుక్కోండి.